ఆత్మకింపయిన భోజనం ఎవరు వండుతారు?

రెసిడెన్సీకి వెళ్తున్నానని చెప్పగానే మా అత్తగారు అన్న మొదటి మాట: “రాసుకోడానికి అంత దూరం ఎందుకమ్మాయ్, మేడ మీద గది ఖాళీగానే ఉందిగా?”

ఉంది. అందులో ఫ్యానుంది, బల్ల ఉంది, కిటికీ తీస్తే పక్కింటివాళ్ళ మునగచెట్టు కూడా కనిపిస్తుంది. పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఆ గదిలో కూర్చుని నేను పూర్తి చేసిన కథలు పదకొండు. తప్పు గదిది కాదు. గదికీ వంటింటికీ మధ్య పద్నాలుగు మెట్లున్నాయి. “కుక్కర్ ఎన్ని కూతలకి కట్టెయ్యాలి?”, “గ్యాసతను వచ్చాడు, పుస్తకం ఎక్కడ పెట్టావ్?”, “చింతపండు అయిపోయినట్టుందే” అనే మాటలు ఆ మెట్లెక్కి పైకి వస్తుంటాయి. ఒక్కోటీ అర నిమిషం పని. దిగి, చెప్పి, మళ్ళీ పైకెక్కేసరికి సగంలో వదిలిన వాక్యం చల్లారిపోయి ఉంటుంది. వేడి చేస్తే అన్నం తినొచ్చేమో గానీ వాక్యం తినలేం.

బ్యాంకులో మిగిలిన సెలవులన్నీ ఊడ్చి ఇరవై ఎనిమిది రోజులు పోగు చేశాను. అక్టోబరు మొదటి వారంలో కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర తాలూకాకి, వక్క తోటల మధ్య ఉన్న ఒక చోటికి వెళ్ళాను. ఆ చోటు పేరు రాయడం లేదు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

రెసిడెన్సీ అంటే తెలియనివాళ్ళకి: రాసేవాళ్ళకీ, బొమ్మలేసేవాళ్ళకీ, సంగీతం కట్టేవాళ్ళకీ కొన్ని వారాల పాటు గది, భోజనం ఇచ్చి “మీ పని మీరు చేసుకోండి” అనే ఏర్పాటు. మామూలుగా ఊరికి దూరంగా, పచ్చగా ఉన్నచోట పెడతారు. ఇదేదో పడమటివాళ్ళు కనిపెట్టిన సుఖం అనుకుంటాం గానీ, దీని పట్టిక మనవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు. పెద్దనగారిదని చెప్పుకునే చాటుపద్యం స్కూల్లో చాలామందిమి బట్టీ పట్టాం. కవిత్వం చెప్పాలంటే ఏమేం కావాలి? ‘నిరుపహతి స్థలంబు’, అంటే ఏ అడ్డూ లేని చోటు. ప్రియురాలి దూతిక తెచ్చి ఇచ్చే కప్పురవిడెం. ‘ఆత్మకింపయిన భోజనము’. ఉయ్యాలమంచం. తప్పులు పట్టగల రసజ్ఞులు. ఊహ తెలిసిన లేఖకులు, పాఠకులు. ఇవి దొరికితే గానీ ఊరికే రాయమంటే ఎలా అంటాడు.

ఈ పద్యాన్ని ఇన్నాళ్ళూ ఒక విలాసపురుషుడి గారాబంగానే చదివాను. అక్కడికి వెళ్ళాక ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. చోటు, మంచం తీసేస్తే పట్టికలో మిగిలినవన్నీ మనుషులు. విడెం తెచ్చేవాళ్ళు, రాసిపెట్టేవాళ్ళు, చదివి వినిపించేవాళ్ళు, తప్పు పట్టేవాళ్ళు. ఇక భోజనం దానంతటది రాదు కదా, దాని వెనక ఎవరో ఉండాలి. పద్యంలో విడెం తెచ్చినామెకి కనీసం ‘దూతిక’ అన్న మాట దక్కింది. వండినవాళ్ళకి అదీ లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. రెసిడెన్సీల గురించి రాసే ప్రతివాళ్ళూ నిశ్శబ్దం గురించి రాస్తారు, కొండల గురించి రాస్తారు. అక్కడ మనకి నిజంగా దొరికేది వేళకి ఎవరో వండిపెట్టే అన్నం. ఆ ‘ఎవరో’ ఎవరన్నది తేల్చకుండా కళాకారుల సమాజం, గ్రామజీవనం అంటూ బ్రోషర్లు వేసుకోవడం నాకు మింగుడు పడదు.

మేం ఆరుగురం. మణిపూర్ నుంచి ఒక ఫొటోగ్రాఫరు, శాంతినికేతన్‌లో చదువుకున్న ఒక శిల్పి, ఇద్దరు బెంగళూరు అమ్మాయిలు (ఒకరు డాన్సరు, ఇంకొకరు ఏం చేస్తారో చివరిదాకా నాకు అర్థం కాలేదు, పొద్దున్నే మట్టిలో గుంటలు తవ్వేది), శబ్దాలు రికార్డు చేసే ఒక జర్మన్ ఆయన, నేను. వానలు వెనకబట్టినా తోటల్లో తేమ పోలేదు. కాలిబాట మీద జలగలు. మొదటిరోజు నా మడమ మీద రెండు పట్టాయి. వంటామె సున్నం డబ్బా తెచ్చి రాసి, నవ్వి, వెళ్ళిపోయింది. మా ఇద్దరి మొదటి పరిచయం అది.

నిశ్శబ్దం మొదటి మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు నుంచి అందరికీ దాంతో విసుగు మొదలైంది. సాయంత్రం ఐదు తర్వాత కప్పల అరుపు రికార్డు చెయ్యాలి, ఎవరూ మాట్లాడొద్దని జర్మన్ ఆయన చీటీ అంటించాడు. ఆ చీటీ కింద శిల్పి “కప్పలకి చెప్పారా?” అని రాశాడు. రెండు రోజులు వాళ్ళకి మాటల్లేవు. ఫొటోగ్రాఫరు ఇంటి నుంచి తెచ్చుకున్న ఙారి, అంటే పులియబెట్టిన ఎండుచేప, ఒక రాత్రి వేయించుకుంటే మేడంతా వాసన. శాకాహారం చోట ఇదేమిటని ఆఫీసు నుంచి మెయిలొచ్చింది. అదే రాత్రి ఆయన గది ముందు చేపకోసం ముఖం వాచిపోయిన శిల్పి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్నేహం అంటే అలా కుదిరింది. ఒకరి పని గురించి ఒకరు చేసుకున్న గంభీరమైన చర్చలు నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేవు.

ఇంకో సంగతి. ఫోను సిగ్నల్ ఒకేఒక్క చోట దొరికేది, కాలువ తూము పక్కన ఒక బండ మీద. సాయంత్రమైతే మేం ఆరుగురం, ఊళ్ళో కాలేజీ పిల్లలు, తోటపనికి వచ్చిన ఉత్తర కర్ణాటక కూలీలు, అందరం ఆ బండ చుట్టూ చేరేవాళ్ళం. ఎవరి ఇంటి కష్టం వాళ్ళు గొంతెత్తి చెప్పుకునేవాళ్ళు. నేను నిలబడి మా ఆయనకి కందిపప్పుకి ఎన్ని కూతలో చెప్పేదాన్ని. ఇంత దూరం వచ్చినా కుక్కర్ వదల్లేదు. రెసిడెన్సీవాళ్ళు లక్షలు పెట్టి కట్టించిన ‘కమ్యూనిటీ హాల్’లో ఆ ఇరవై ఎనిమిది రోజుల్లో ఊరివాళ్ళు అడుగు పెట్టింది ఒక్కసారే. బండ దగ్గర మాత్రం రోజూ కలిశాం.

వంటామెని అందరం ‘అక్క’ అనేవాళ్ళం. కన్నడంలోనూ అక్కే కదా. ఆమెకి యాభై దాటి ఉంటాయి. పొద్దున ఆరింటికి వచ్చేది. అక్కి రొట్టె, రకరకాల ఆకులతో తంబుళి, అప్పెమిడి అనే మామిడి పిందెల ఊరగాయ. తంబుళి మన మజ్జిగ పులుసుకి చెల్లెలులాంటిది, కాకపోతే చల్లగా ఉంటుంది, గిన్నెలో తాగెయ్యొచ్చు. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒక్కొక్కళ్ళ గుమ్మం ముందు స్టీలు క్యారేజీ పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోవాలి. అది రూలు. కళాకారుల ధ్యాస చెదరకూడదు.

ఈ రూలు ఎక్కడిదో నాకు తెలుసు. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం పీటర్‌బరోలో 1896లో మేరియన్ మెక్‌డోవెల్ ఒక పాత పొలం కొంది. ఆమె పియానో వాయించేది. భర్త ఎడ్వర్డ్ పేరున్న స్వరకర్త. ఆయన పనిచేసుకోడానికి అడవిలో దుంగలతో చిన్న గుడిసె కట్టించారు. మధ్యాహ్నం అన్నం బుట్టలో పెట్టి ఆమె గుమ్మం దగ్గర వదిలి వచ్చేదని చెప్తారు. 1907లో ఆ పొలమే కళాకారుల కాలనీ అయింది. మరుసటి ఏడాది జనవరిలో ఎడ్వర్డ్ పోయాడు. ఆమె 1956 దాకా బతికింది. ఊరూరా కచేరీలు చేసి, చందాలు పోగుచేసి ఆ చోటుని నిలబెట్టింది. 1938లో పెద్ద తుపాను వచ్చి అడవిని కూల్చేస్తే, ఎనభై ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటికొచ్చి పని పట్టింది. ఇప్పుడక్కడ 32 స్టూడియోలు. మధ్యాహ్నం బుట్ట గుమ్మం దగ్గరికి రావడం ఆ చోటుకి గుర్తైపోయింది. అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఎవరు ఏది మర్చిపోయినా ఆ బుట్టని తలుచుకోకుండా ఉండరు.

ఒక ఇల్లాలు రోజూ చేసిన చాకిరీ ప్రపంచంలోని రెసిడెన్సీలకి ఆచారంగా మారింది. నాకు ఇందులో కోపం తెచ్చుకోవాల్సింది ఏదీ లేదు, నిజానికి సంతోషమే. పెళ్ళాలున్న మగవాళ్ళకి మాత్రమే దొరికిన సౌకర్యం, దరఖాస్తు పెట్టుకుంటే ఎవరికైనా దొరికేలా చేసింది మేరియన్. నాలాంటిదానికి కూడా. ఇంట్లో ఇరవై రెండేళ్ళు మేరియన్‌గా ఉన్న నేను, సాగరలో బస్సు దిగి ఎడ్వర్డ్‌ని అయిపోయాను. మొదటిరోజు క్యారేజీ మూత తీసినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేడి అన్నం. నేను వండనిది. ఏం వండాలో నేను ఆలోచించనిది కూడా. వండడం కంటే ఆ ఆలోచనే ఎక్కువ అలసట, ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కానీ క్యారేజీ గుమ్మం ముందు పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయే మనిషి కాళ్ళు కర్టెన్ కింద నుంచి కనిపిస్తాయి. రెండో వారంలో అడిగాను, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారని. తెల్లవారుజామున నాలుగింటికి లేచి తనే చేసి వస్తుందట. రాత్రి మా భోజనాలయ్యాక, వక్క కోతల రోజులు కాబట్టి, పక్క తోటలో కాయ ఒలవడానికి వెళ్తుందట. ఒలిచినదాన్ని కొలిచి డబ్బులిస్తారు. “మరి నిద్ర?” అన్నాను. “మీరు పోయాక” అంది, నవ్వుతూ. మా ఆరుగురి పేర్లూ, ఫొటోలూ ఆ సంస్థ వెబ్‌సైట్లో ఉన్నాయి. డైరెక్టరు, సలహాదారులు, ఎంపిక చేసినవాళ్ళు, అందరివీ ఉన్నాయి. అక్క పేరు ఎక్కడా లేదు.

ఒక రాత్రి ఆమెతో వక్క ఒలిచేచోటికి వెళ్ళాను. పెద్ద షెడ్డు, రెండు బల్బులు, ఇరవై మంది దాకా ఆడామగా. ఒక్కొక్కరి ముందు పీటకి బిగించిన కత్తి. చేతులు చేతుల పని చేస్తుంటే నోళ్ళు నోళ్ళ పని చేస్తున్నాయి. ఎవరో పాడుతున్నారు, ఎవరో ఎవరి కోడల్నో తిడుతున్నారు. ‘ఇదే అసలైన రెసిడెన్సీ’ అని రాయాలని అప్పుడు చెయ్యి దురద పెట్టింది. రాయను. అది కూలి. అర్ధరాత్రి దాటాక పాట ఆగిపోయింది, నడుములు నొక్కుకుంటున్న చప్పుడే మిగిలింది. నేను ఒలిచిన కాయలు అక్క తన బుట్టలో కలుపుకుంది, అందులో సగం పనికిరాలేదని మర్నాడు చెప్పింది.

మూడో వారంలో ‘ఓపెన్ స్టూడియో’ పెట్టారు. మేం చేసిన పని ఊరికి చూపించాలన్నమాట. ఊరివాళ్ళు నిజంగానే వచ్చారు, ముప్పై నలభై మంది, ఉతికిన బట్టలు కట్టుకుని. కుర్చీలు బెంగళూరు నుంచి కార్లలో వచ్చినవాళ్ళకి సరిపోయాయి. ఊరివాళ్ళు చాప మీద కూర్చున్నారు. మాట్లాడినవాళ్ళంతా ఇంగ్లీషులో మాట్లాడారు, అందులో నేనూ ఉన్నాను. నా కథని ఇంగ్లీషు అనువాదంలో చదివాను. దరఖాస్తు కోసం చేయించిన అనువాదం అది. తెలుగులో రాసేవాళ్ళు ఇలాంటి చోటికి రావాలంటే ముందు ఇంగ్లీషులో తమని తాము నిరూపించుకోవాలి, ఆ గొడవ వేరే. చదువుతుంటే అక్క టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. చప్పట్లు కొట్టినప్పుడు ఆమె చేతులు ఖాళీగా లేవు.

నాకు సిగ్గేసింది. అది అంతకుముందే ఎందుకు వెయ్యలేదో కూడా చెప్పాలి. అంతకు నాలుగు రోజుల ముందే నేను హెగ్గోడు వెళ్ళొచ్చాను, అక్కడ చూసినదాంతో పోల్చుకున్నాను కాబట్టే వేసింది.

హెగ్గోడు మా చోటుకి బస్సు దూరం. కూడలి దాటితే వక్క తోటలు, మధ్యలో ఒక నాటకశాల. 1949లో ఆ ఊరివాళ్ళు నాటకాలు వేసుకోడానికి పెట్టుకున్న నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘమే నీనాసం. కె.వి. సుబ్బణ్ణ దాన్ని పెంచాడు, తనూ అక్కడి వక్క రైతే. 1980లో నాటక విద్యాలయం, 1985లో కర్ణాటకమంతా తిరిగే ‘తిరుగాట’ బృందం. 1991లో ఆయనకి మెగసెసే అవార్డు. పల్లెటూళ్ళో రైతులూ కూలీలూ ప్రపంచ సినిమాలు చూశారు, షేక్‌స్పియర్‌నీ బ్రెహ్ట్‌నీ తమ కన్నడంలో చూశారు. ఎక్కడినుంచో వచ్చిన కళాకారుడికి ఏకాంతం ఇవ్వడం కోసం కట్టింది కాదది. ఊరు తన కోసం తాను కట్టుకుంది. పక్కనే భీమనకోణెలో రంగస్థల దర్శకుడు ప్రసన్న పూనికతో నిలబడ్డ ‘చరక’ చేనేత సంఘం ఉంది, ఆడవాళ్ళు నడిపే పని. వక్కలు ఉడకబెట్టినప్పుడు దిగే ఎర్రటి చొగరు రసంతో బట్టకి రంగు అద్దుతారు. నాటకం వేసే ఊళ్ళో మనుషులకి కూలి కూడా ఉండాలి కదా అన్న ఆలోచన నాకు అందులో కనిపించింది. అక్కడే ఒక చీర కొన్నాను. ధర ఎక్కువనిపించింది, బేరం ఆడబోయి నాలుక కరుచుకున్నాను.

మనవాళ్ళు ఎరిగిన ఇంకో దారి చోళమండలం అనే చిత్రకారుల కాలనీ. మద్రాసు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు, బొమ్మలు అమ్ముడుపోక, గుమాస్తా పని చెయ్యలేక, మైనం పూసి రంగులద్దే బాతిక్ బట్టలు చేసి అమ్మారు. ఆ డబ్బుతో 1966లో మద్రాసుకి దక్షిణాన ఇంజంబాక్కంలో సముద్రం ఒడ్డున నేల కొని ఎవరిళ్ళు వాళ్ళు కట్టుకున్నారు. అప్పట్లో అది ఇసక, సరుగుడు తోపులు. దాతలు లేరు, సెలక్షన్ కమిటీ లేదు. పొద్దున చేతిపని, తర్వాత బొమ్మ. నాకు ఇది చాలా నచ్చుతుంది. అయితే ఆ ఇళ్ళలో వంట ఎవరు చేశారన్న ప్రశ్న అక్కడా లేస్తుంది, చరిత్ర పుస్తకాల్లో దానికి జవాబు వెతికితే చిత్రకారుల పేర్లే దొరుకుతాయి. ఇప్పుడు ఊరు పెరిగి, తీరం వెంట వెళ్ళే ఈసీఆర్ రోడ్డు దాన్ని మింగేసింది, టిక్కెట్టు కొని చూసే మ్యూజియం కూడా ఉంది.

తెలుగు పల్లెల్లో కూడా ఇలాంటివి రావాలని ఈ మధ్య మిత్రులు గట్టిగా అంటున్నారు. రావాలి. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాల్లో తెర లాగేవాళ్ళూ వేషం కట్టేవాళ్ళూ పిల్లాజెల్లా అందరూ ఒక ఇంటివాళ్ళే. కలిసి బతుకుతూ కళ చెయ్యడం మనకి కొత్తేం కాదు. కానీ గోదారి గట్టునో నల్లమల అంచునో నాలుగు మట్టి కాటేజీలు కట్టి, ఇంగ్లీషు ఫారం పెట్టి, పక్క ఊరి నుంచి ఒక వంటామెని రోజు కూలికి తెచ్చుకుంటే మాత్రం అది రిసార్టు. అద్దె లేని రిసార్టు, అంతే. దరఖాస్తు తెలుగులో ఉండాలి. నెల రోజులు సెలవు దొరకనివాళ్ళకి వారం చాలు అనాలి. చంటిబిడ్డ తల్లి వస్తే బిడ్డని కూడా రమ్మనాలి. వంట చేసేవాళ్ళకి నెల జీతం, సెలవు, వెబ్‌సైట్లో పేరు. ఇంతకంటే పెద్ద ఆదర్శాలు నా దగ్గర లేవు. “అలా అయితే ఖర్చు పెరుగుతుంది, నలుగురి బదులు ఇద్దరినే పిలవగలం” అంటారని తెలుసు. ఇద్దరినే పిలవండి.

ఓపెన్ స్టూడియో మర్నాడు వంటింట్లోకి వెళ్ళాను. రూలు ప్రకారం మాకు లోపలికి రావడానికి వీల్లేదు. “నిన్న ఏం చదివావు?” అని అక్కే అడిగింది. సగం తెలుగు, నాకొచ్చిన పావు కన్నడం, మిగతాది చేతులు. కథ చెప్పాను. పెళ్ళివంట చేసే ఒకావిడకి వంట మధ్యలో తమ్ముడు పోయిన కబురొస్తుంది. గరిట తిప్పుతూ ఏడుస్తుంది, కన్నీళ్ళు సాంబారులో పడతాయి. ఆ వాక్యం నాకు చాలా ఇష్టం. మా పత్రిక ఎడిటరుకీ ఇష్టం.

అక్క బెండకాయలు తరగడం ఆపలేదు. “ఎంతమందికి వంట?” అంది.

“నాలుగు వందల మందికి.”

“అయితే ఏడవదు. పొయ్యి మీద అంత ఉన్నప్పుడు ఏడుపు రాదు. అడుగంటుతుందేమో అని భయం ఉంటుంది, అంతే. అన్నీ దింపాక, గిన్నెలు తోమేచోట ఏడుస్తుంది. నువ్వు ఎక్కువమందికి ఎప్పుడూ వండలేదు, కదా?”

వండలేదు. మహా అయితే సత్యనారాయణ వ్రతానికి నలభై మందికి. తమ్ముడి పేరు మార్చమని కూడా చెప్పింది, ఆ పేరుతో వాళ్ళ ఊళ్ళో ఒక తాగుబోతు ఉన్నాడట. అది మార్చలేదు. కథ మాత్రం ముగింపు నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాశాను. ఏడుపు చివరి పేజీకి, పంపు దగ్గరికి వెళ్ళింది. సాంబారు వాక్యం పోయింది, ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది. ‘తప్పరయు రసజ్ఞులు’ కుర్చీల్లో కూర్చుంటారని ఎదురుచూసి మూడు వారాలు పోగొట్టుకున్నాను.

మెక్‌డోవెల్‌లో ప్రతి స్టూడియోలో చెక్క పలకలుంటాయి. అక్కడ పనిచేసి వెళ్ళినవాళ్ళు వాటి మీద పేర్లు రాసి వెళ్తారు. వాటిని టూంబ్‌స్టోన్లు, అంటే సమాధి రాళ్ళు అంటారు. మా చోటువాళ్ళు దాన్ని కూడా తెచ్చుకున్నారు. పలక బదులు మా గది తలుపు వెనక గోడ. ఇరవై ఎనిమిదో రోజు పొద్దున మార్కరు తీసుకుని నా పేరు తెలుగులో రాశాను. ఆ గోడ మీద ఇంగ్లీషు కానిది అదొక్కటే. అక్క దుప్పట్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. మార్కరు ఆమె చేతికిచ్చి, మీ పేరు కూడా రాయండక్కా అన్నాను.

“నేను రేపు కూడా ఇక్కడే ఉంటాను కదా, నాకెందుకు?” అని మార్కరు వెనక్కి ఇచ్చేసింది. నేను వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. చివరికి నా పేరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. లిపి దగ్గరిదే కదా, రెండోసారికి సరిగ్గానే చదివింది. తర్వాత తలకట్ల మీద వేలు ఆపి అడిగింది:

“ప్రతి అక్షరం మీదా మీకు మీరే రైటు కొట్టుకుంటారా?”